మత్తు ఇచ్చాక రోగి తరఫున మాట్లాడేదెవరు?

(విశాఖపట్నంలో థియేటర్ నర్సులు, ఓటీ టెక్నీషియన్లు, పీజీ డాక్టర్లు, సర్జన్లు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో సీనియర్ మత్తు డాక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరస కుర్చీలు సర్జన్లకి వదిలేసి నర్సులంతా వెనక సర్దుకున్నారు. టెక్నీషియన్లు కొందరైతే గోడవారనే నిలబడ్డారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఈ పూట నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే.

నేను మత్తు డాక్టర్ని. మాట్లాడగలిగే మనిషిని మాట్లాడలేని స్థితికి తీసుకెళ్లడం నా వృత్తి. "నాకు ఎడం మోకాలండి డాక్టరుగారూ" అని కాసేపటి క్రితం చెప్పిన మనిషి, నా మందు ఎక్కాక ఏ మోకాలు కోసినా నోరెత్తలేడు. అక్కడి నుంచి అతని తరఫున మాట్లాడాల్సింది ఆ గదిలో ఉన్న ఐదారుగురం. ఆ ఐదారుగురిలో ఎవరికి ఏం తెలుసో చూస్తే, చాలాసార్లు అసలైన సంగతి తెలిసేది అందరికంటే కింద మెట్టు మీద ఉన్నవాళ్లకే.

పేషెంటు పొద్దున్నే టీ తాగాడన్న సంగతి కేస్ షీట్లో ఉండదు. అందులో ఎన్‌బీఎం, అంటే నోటితో ఏమీ ఇవ్వొద్దు అనే రాసి ఉంటుంది. ఆ టీ తెచ్చిపెట్టిన చుట్టానికి తెలుసు. స్ట్రెచర్ తోసుకొచ్చిన అటెండరుకి తెలుసు. పాలు కలిపిన టీ తాగితే మత్తుకి ముందు ఆరు గంటలు ఆగాలని, ఆగకపోతే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని నాకు తెలుసు. కానీ అటెండరు థియేటర్ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు, నేను గుమ్మం దాటి బయటికి రాను. ఇద్దరం మా మా పనులు సరిగ్గానే చేశాం. పేషెంటు ఒక్కడే ప్రమాదంలో పడ్డాడు.

మన ఊరికి ఇంకో చిక్కుంది. పాడేరు, అరకు వైపు నుంచి, కోరాపుట్ నుంచి కూడా పేషెంట్లు వస్తారు. కొందరికి ఒడియా వచ్చు, కొందరికి కువి తప్ప ఇంకోటి రాదు. ఆ మనిషికి ఏ మందు పడదో, నొప్పి ఎటు వైపో చెప్పగలిగేది ఆ భాష వచ్చిన ఆయా ఒక్కతే కావచ్చు. ఆవిణ్ణి మనం పిలిచేది బెడ్‌షీట్ మార్చడానికి.

ఇంగ్లండులో 2005 మార్చిలో జరిగినదొకటి చెప్తాను. ఎలైన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల మహిళ. సైనస్ ఆపరేషన్‌కి వచ్చింది, ముందుగా అనుకుని చేసుకునే మామూలు ఆపరేషన్. మత్తిచ్చాక శ్వాసమార్గం దొరకలేదు. మాస్కుతో గాలి వెళ్లడం లేదు, గొంతులోకి ట్యూబు దిగడం లేదు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా పుస్తకాల్లో స్పష్టంగా ఉంది. మెడ ముందు భాగంలో దారి చేసి గాలి పంపాలి. ఆ గదిలో అనుభవమున్న మత్తు డాక్టర్లు ఉన్నారు, ఈఎన్‌టీ సర్జనూ ఉన్నాడు. మెడ దగ్గర దారి చెయ్యడం ఈఎన్‌టీ సర్జన్‌కి చేతనైన పనే. అయినా అందరూ ట్యూబు మీదే పడ్డారు. ఒకసారి, ఇంకోసారి, మళ్లీ. ఆక్సిజన్ 40 శాతం కంటే కిందికి పడిపోయి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. పదమూడు రోజుల తర్వాత ఆమె చనిపోయింది.

ఇక్కడ నర్సుల సంగతి వినండి. ఒక నర్సు మెడ దగ్గర దారి చేసే ట్రాకియాస్టమీ సెట్ తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకొకావిడ ఐసీయూకి ఫోన్ చేసి బెడ్ అడిగింది. డాక్టర్ల చూపులు చూసి, 'అతి చేస్తున్నానేమో' అనుకుని ఆ బెడ్ వద్దని చెప్పేసింది. ఏం చెయ్యాలో తమకి తెలుసని, దాన్ని ఎలా చెప్పాలో తెలియలేదని తర్వాత విచారణలో బయటపడింది. మళ్లీ చెప్తున్నాను. సెట్ ఉంది, చేతనైన సర్జన్ ఉన్నాడు, ఏం చెయ్యాలో తెలిసిన మనిషి గదిలోనే ఉంది. లేనిదల్లా ఆమె నోటి నుంచి సర్జన్ చెవి దాకా ఒక దారి.

ఎలైన్ భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. ఆయన ఆ డాక్టర్లని జైలుకి పంపాలని తిరగలేదు. మా రంగంలో ప్రమాదం జరిగితే ఎవరిది తప్పని మాత్రమే కాదు, ఎందుకు జరిగిందని విచారిస్తాం, మీరు ఎందుకు చెయ్యరని అడిగాడు. 2007లో క్లినికల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ గ్రూప్ అనే సంస్థ పెట్టాడు.

విమానాలవాళ్లకి ఆ తెలివి ఊరికే రాలేదు. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే గుద్దుకున్నాయి. 583 మంది పోయారు. పొగమంచు. కేఎల్ఎమ్ విమానం కెప్టెన్ ఆ కంపెనీలో ఎంతోమంది పైలట్లకి శిక్షణ ఇచ్చిన పెద్దమనిషి. అనుమతి రాకుండానే విమానాన్ని కదిలించాడు. 'ఎదర ఆ విమానం ఇంకా రన్‌వే దిగలేదేమో?' అని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. దిగిపోయిందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఇంజనీర్ ఇంక నోరెత్తలేదు. ఆయన ప్రశ్న ఎంత మెత్తగా ఉందో గమనించండి. 'ఆపండి' అనలేదు. పెద్దాయన ముందు మనం అడిగేదీ అలాగే. "సార్, ఒకసారి చూసుకుంటారా" అంటాం. సార్ చూసుకున్నానంటారు. అయిపోయింది. ఆ ప్రమాదం, మరికొన్ని చూశాక 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. కాక్‌పిట్‌లో చిన్నవాడు మాట్లాడటం, పెద్దవాడు వినడం కూడా నేర్పించాల్సిన పనులేనని అక్కడి నుంచి మొదలైంది.

ఇక ఆపరేషన్ భద్రత చెక్‌లిస్ట్. మీ అందరికీ తెలిసిన కాగితమే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చింది, అతుల్ గవాండే బృందం తయారుచేసింది. అందులో 19 అంశాలు. మత్తుకి ముందు సైన్ ఇన్, కోతకి ముందు టైమ్ అవుట్, పేషెంటు థియేటర్ దాటేముందు సైన్ అవుట్. ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించారు, ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కూడా వాటిలో ఉంది. 2009లో ఫలితాలు వచ్చాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు.

ఇది విని చప్పట్లు కొట్టేముందు కెనడా కూడా చూడాలి. ఒంటారియోలో ఆసుపత్రులు చెక్‌లిస్ట్ ఎంతవరకు పాటిస్తున్నాయో బయటపెట్టాలని ప్రభుత్వం తప్పనిసరి చేసింది. 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో అచ్చయ్యాయి. మరణాలు 0.71 నుంచి 0.65 శాతం. తగ్గిందని చెప్పుకోదగ్గ తేడా కాదు. వాడింది ఇదే తరహా కాగితం. ఎందుకు పనిచేయలేదన్నదాని మీద చాలా వాదనలు నడిచాయి. నా అభిప్రాయం నేను చెప్తాను. పైనుంచి ఆర్డర్ వచ్చింది కాబట్టి టిక్కులు పెట్టారు. పూజలో పంతులుగారు గోత్రం అడిగితే ఫోన్ చూసుకుంటూనే చెప్పేస్తాం చూడండి, టైమ్ అవుట్ అలా తయారైతే దానివల్ల ఎవరి ప్రాణమూ నిలవదు. మన దగ్గర ఇంకా ముందుకెళ్లారు. కేస్ అయిపోయాక, వార్డుకి పంపేముందు, మూడు భాగాలకీ ఒకే పెన్నుతో ఒకే చేతిరాతలో టిక్కులు. నవ్వుతున్నారంటే చూశారనే అర్థం.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో వేరే దారి పట్టారు. ముందుగా రెండు నెలలు సన్నాహం. తర్వాత సర్జన్, మత్తు డాక్టర్, నర్సు, టెక్నీషియన్ ఒకే గదిలో ఒక రోజంతా శిక్షణ. ఆ తర్వాత ఏడాది పాటు మూడేసి నెలలకోసారి పలకరించి ఎలా నడుస్తోందో కనుక్కోవడం. 2010లో వచ్చిన లెక్కల్లో, శిక్షణ పొందిన 74 ఆసుపత్రుల్లో ఆపరేషన్ మరణాలు 18 శాతం తగ్గాయి. ఇంకా శిక్షణ అందని 34 ఆసుపత్రుల్లో 7 శాతమే తగ్గాయి. అక్కడా చెక్‌లిస్ట్ ఉంది. కానీ ముందు మనుషులని కలిపి, కాగితాన్ని తర్వాత చేతికిచ్చారు.

ఆ కాగితంలో అందరూ తీసిపారేసే అంశం ఒకటుంది. టీములో ఉన్నవాళ్లంతా పేరు, చేసే పని చెప్పుకోవాలి. "రోజూ చూసే మొహాలే కదా మేడమ్, పేర్లెందుకు?" అంటారు. సరే, మీ థియేటర్లో ఫ్లోర్ నర్సు పూర్తి పేరు చెప్పండి అంటే సర్జన్ నా వైపు చూస్తాడు. మనకి అందరూ సిస్టరే. టెక్నీషియన్ 'బాబూ'. మాస్కు, క్యాపు పెట్టాక అందరూ ఒకేలా ఉంటారు. బ్లీడింగ్ అవుతుంటే "ఎవరైనా రక్తం తెప్పించండి" అని అరుస్తాం. ఆ 'ఎవరైనా' అనే మనిషి ఏ ఆసుపత్రి జీతాల పట్టీలోనూ లేడు. 2017లో సిడ్నీలో రాబ్ హ్యాకెట్ అనే మత్తు డాక్టర్ తన క్యాపు మీద పేరు, చేసే పని రాసుకుని థియేటర్‌కి వెళ్లాడు. మొదట వెక్కిరించారు, తర్వాత చాలా దేశాల్లో రాసుకోవడం మొదలుపెట్టారు. స్కెచ్ పెన్ను ఖర్చు. పేరు చెప్పుకోవడంలో ఇంకో లాభం ఉంది. కోత పెట్టకముందు ఒక్కసారి గొంతు విప్పిన మనిషికి, తర్వాత ఇబ్బంది వచ్చినప్పుడు నోరు విప్పడం తేలిక. ఆ అంశం అక్కడ పెట్టింది పరిచయాల కోసం మాత్రమే కాదు.

పేషెంటు పేరు దగ్గరా జాగ్రత్త కావాలి, మన జిల్లాల్లో మరీను. సింహాద్రి అప్పన్న దయవల్ల ఏ సర్జికల్ వార్డులో చూసినా ఇద్దరు అప్పలరాజులు, ముగ్గురు అప్పలనాయుళ్లు ఉంటారు. ఆడవాళ్ల వార్డులో అప్పలనర్సమ్మలు, విజయనగరం వైపు నుంచైతే పైడితల్లులు. "నీ పేరు అప్పలరాజే కదా?" అని అడిగితే, భయంతో ఉన్న పేషెంటు అప్పారావైనా ఊఁ అంటాడు. "మీ పేరేంటి, ఏ ఊరు, దేనికి ఆపరేషన్, ఎటు వైపు?" అని అడగండి. అతన్నే చెప్పనివ్వండి. అతను మాట్లాడగలిగే ఆఖరి నిమిషాలవి.

చెప్పింది తిరిగి చెప్పడం గురించి రెండు మాటలు. మన ఎయిర్‌పోర్టు రన్‌వే నేవీదేనని మీకు తెలుసు. టవర్ చెప్పిన అనుమతిని పైలట్ తిరిగి చదువుతాడు. ఓడలో చుక్కాని పట్టుకున్నవాడూ ఆర్డరు తిరిగి చెప్పి, చేశాక చేశానని చెప్తాడు. మన థియేటర్లో "హెపారిన్ ఐదు వేలు" (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) అంటే వెనక నుంచి ఎవరో తలూపుతారు. విన్నారా, ఇచ్చారా, ఇద్దరు విని ఇద్దరూ ఇచ్చారా? "హెపారిన్ 5,000 యూనిట్లు ఇస్తున్నాను", ఇచ్చాక "ఇచ్చాను". అంతే. దానికి సిగ్గెందుకో నాకర్థం కాదు.

బీచ్ రోడ్డులో కురుసుర చూసే ఉంటారు. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, ఇప్పుడు మ్యూజియం అయిన సబ్‌మెరైన్. ఆ ఇరుకులో నీళ్ల కింద, ఒకడు చెప్పింది ఇంకొకడికి సగమే అర్థమైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కురుసుర డీజిల్‌తో నడిచేది. అమెరికా నేవీ అణు సబ్‌మెరైన్లలో సమాచారం చెప్పే పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని ఆ దేశంలోనే కైజర్ పర్మనెంటే ఆసుపత్రులవాళ్లు తెచ్చి ఎస్‌బార్ అని నర్సులకి నేర్పారు. ఇప్పుడు ఏం జరుగుతోంది, దాని వెనకేంటి, నాకేం అనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. ఈ నాలుగు, ఇదే వరసలో.

రాత్రి రెండింటికి సర్జన్‌కి ఫోన్ చేసి, "సార్, మూడో బెడ్ పేషెంటు కొంచెం డల్‌గా ఉన్నాడు సార్" అంటే, ఆయన "సరే, సెలైన్ పెట్టి చూడండి" అని పడుకుంటాడు. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. ఇలా చెప్పి చూడండి: "సార్, పోస్టాప్ వార్డు నుంచి స్టాఫ్ నర్స్ లక్ష్మిని. మూడో బెడ్ పేషెంటుకి బీపీ 80/50, పల్స్ 130. మధ్యాహ్నం మీరు స్ప్లీన్ తీసిన పేషెంటు. గంటలో డ్రెయిన్‌లో 300 ఎంఎల్ రక్తం వచ్చింది. లోపల బ్లీడింగ్ అవుతోందని నా అనుమానం. మీరు వెంటనే రావాలి. ఈలోగా రక్తం తెప్పించమంటారా?" ఆయన నిద్ర ఎగిరిపోతుంది. నర్సు రోగనిర్ధారణ చెయ్యకూడదని కొందరు అంటారు. అనుమానం చెప్పడం రోగనిర్ధారణ కాదు.

ఇక నోరు విప్పడం. దీనికీ మెట్లున్నాయి. అమెరికాలో 2006లో వచ్చిన టీమ్‌స్టెప్స్ శిక్షణలో మూడు మెట్లు నేర్పుతారు. మన నోటికి పట్టేలా నేనిలా చెప్తాను. మొదట, "సార్, నాకు అనుమానంగా ఉంది." వినకపోతే, "సార్, ఇది సరిగ్గా అనిపించడం లేదు." అప్పటికీ వినకపోతే, "సార్, పేషెంటుకి ప్రమాదం. ఆగండి." మూడింట్లోనూ 'సార్' ఉంది, మర్యాదకి లోటేం లేదు. కానీ మూడోది ప్రశ్న కాదు.

ఇంతవరకూ అందరూ చెప్తారు. జూనియర్లకి ధైర్యం నూరిపోసి పంపేస్తారు. నా గొడవ అక్కడే. ధైర్యం మీద ఆధారపడే భద్రత భద్రతే కాదు. ఇరవై రెండేళ్ల నర్సు ముప్పై ఏళ్ల అనుభవమున్న సర్జన్‌ని ఆపాలంటే ఆమె ఝాన్సీ రాణి అయి ఉండాలనేది పద్ధతి కాదు. మాట్లాడటం తేలిక చెయ్యాల్సింది పెద్దవాళ్లు. టైమ్ అవుట్‌లో సర్జన్ ఒక్క మాట అనాలి. "నేనేదైనా తప్పు చేస్తున్నానని అనిపిస్తే చెప్పండి, వినకపోతే మళ్లీ చెప్పండి." నోటితో, అందరికీ వినపడేలా. మనసులో ఉంటే చాలదు.

అసలు పరీక్ష తర్వాత వస్తుంది. నర్సు ఆపింది, చూస్తే ఏమీ లేదు, ఆమె అనుమానమే తప్పు. అప్పుడు సర్జన్ మొహం ఎలా ఉంటుంది? మర్నాడు ఆమె డ్యూటీ ఎక్కడ పడుతుంది? అనుమానాల్లో ఎక్కువ భాగం తప్పే అవుతాయి, అవ్వాలి కూడా. ఆ తప్పు అనుమానాలకి "మంచిపని చేశావమ్మా" అన్న సర్జన్‌కే నిజమైన అనుమానం కూడా చేరుతుంది. కసురుకున్నాయన థియేటర్ చాలా ప్రశాంతంగా ఉంటుంది. నాకు ఆ ప్రశాంతత అంటేనే టెన్షన్.

టైమ్ అయిపోతోందంటున్నారు. ప్రశ్నలు అడగండి. ముందు నర్సులు, టెక్నీషియన్లు.

(ఒక స్టాఫ్ నర్స్: మేడమ్, మాప్‌ల (ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డల) కౌంట్ తేడా వచ్చింది. సార్ మాత్రం "నేను చూశాను, లోపలేం లేదు" అని కుట్లు వేసేస్తున్నారు. అప్పుడేం చెయ్యాలి?)

ఎన్ని రావాలి, ఎన్ని ఉన్నాయి, అంకెలతో గట్టిగా చెప్పండి. "పది రావాలి, తొమ్మిదే ఉన్నాయి." వెంటనే మత్తు డాక్టర్‌కి కూడా చెప్పండి. మేం తల దగ్గరే ఉంటాం, పేషెంటుని నిద్రలేపకుండా ఆపగలం. కిక్ బకెట్, నేల, డ్రేపుల మడతలు వెతకాలి. అప్పటికీ దొరక్కపోతే టేబుల్ మీదే ఎక్స్‌రే. మాప్‌లో ఎక్స్‌రేకి కనపడే దారం పెట్టింది అందుకే. ఇంకో సంగతి. ఇలా లోపల మర్చిపోయిన కేసుల మీద గవాండే వాళ్లే 2003లో ఒక అధ్యయనం చేశారు. ఎమర్జెన్సీ ఆపరేషన్‌లో ఈ ప్రమాదం తొమ్మిది రెట్లు, మధ్యలో ప్లాన్ మారితే నాలుగు రెట్లు. ఆఖరి కౌంట్ చేసిన కేసుల్లో 88 శాతం కౌంట్ సరిపోయిందనే రాసి ఉంది! కాబట్టి ఒక్కరే మనసులో లెక్కపెట్టుకోవడం చాలదు. ఇద్దరు, చూస్తూ, పైకి. ఆ సమయంలో థియేటర్లో వేరే కబుర్లు ఉండకూడదు, సర్జన్‌వైనా సరే.

(ఒక సర్జరీ పీజీ: రోజుకి అన్ని కేసులుంటాయి మేడమ్, దీనికంతా టైమ్ ఎక్కడిది?)

టైమ్ అవుట్ సరిగ్గా చేస్తే ఒకటి రెండు నిమిషాలు. కాటరీ (రక్తం ఆగేలా కాల్చే పరికరం) పనిచెయ్యడం లేదని కోత పెట్టాక తెలిస్తే పోయే టైమ్ దానికంటే ఎక్కువ. ఇందాకటి ఎనిమిది ఆసుపత్రుల్లో సిబ్బందినే అడిగారు. ఐదుగురిలో ఒకరు దీనికి చాలా టైమ్ పడుతోందని విసుక్కున్నారు. 'మీకే ఆపరేషన్ అయితే చెక్‌లిస్ట్ కావాలా?' అంటే 93 శాతం కావాలన్నారు.

(ఒక ఓటీ టెక్నీషియన్: మేడమ్, మాది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఏడాదికోసారి రెన్యువల్. నేను ఆపితే రేపు నా పేరు లిస్టులో ఉంటుందా?)

ఉంటుందని నేను హామీ ఇవ్వలేను బాబూ. ఇస్తే అబద్ధమవుతుంది. నీ ప్రశ్నకి జవాబు నీ దగ్గర లేదు, నా దగ్గరా లేదు, సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ల దగ్గరుంది. ఇక్కడ హెచ్‌ఓడీలు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఒక సర్క్యులర్ రాయండి. థియేటర్లో ఉన్న ఎవరైనా, పర్మనెంటైనా కాంట్రాక్టైనా, పేషెంటు భద్రత గురించి కేసు ఆపమని అడగొచ్చు. అనుమానం తప్పని తేలినా మెమో ఉండదు, ఏజెన్సీకి ఫిర్యాదు వెళ్లదు. కింద సూపరింటెండెంట్ సంతకం, స్టాంపు, తేదీ. దాన్ని స్క్రబ్ చేసుకునే సింకు పైన అతికించండి, చేతులు కడుక్కుంటూ అందరూ చదువుకుంటారు. డ్రాఫ్ట్ నేను తెచ్చాను, తెలుగులోనే ఉంది, ఒక పేజీ. లంచ్‌కి ముందు ఎవరెవరు తీసుకెళ్తారో వచ్చి తీసుకోండి.